ఒక్క పాయింటు ఋణము
విల్ట్ చాంబర్లేన్ జీవితగాథ

విద్యార్థి కళాశాలను వెదకికొనుచు పోవుట లోకములో సామాన్యముగా కనబడు విషయము. దరఖాస్తులు వ్రాయుట, మార్కుల పట్టికలు జతపరచుట, గుమాస్తా గది ముందు వరుసలో నిలుచుట మన విద్యార్థులందరకును అనుభవమే. కళాశాలలే విద్యార్థిని వెదకికొనుచు వచ్చుట మాత్రము అరుదు. 1955వ సంవత్సరమున అమెరికా దేశమందలి ఫిలడెల్ఫియా నగరములో ఒక సామాన్య నల్లజాతి కుటుంబమున పుట్టిన పదునెనిమిదేండ్ల బాలుని కొఱకు రెండు వందలకు పైగా కళాశాలలు పోటీపడినవి. అతడు మహాపండితుడు కాడు. గణితములో అద్భుతములు చేసినవాడును కాడు. అతడు ఉన్నత పాఠశాల జట్టులో బాస్కెట్‌బాల్ ఆడుచున్న కుర్రవాడు. పేరు విల్టన్ నార్మన్ చాంబర్లేన్.

అన్ని పిలుపులను అందుకొన్న ఆ బాలుడు తరువాతి కాలమున ఆ ఆటలో ఎవరును ఎక్కని శిఖరముల నెక్కినాడు. అయినను తాను వరించిన విద్యాలయమునకు ఒకే ఒక పాయింటు బాకీపడితినను భావము నలువది యేండ్లు అతనిని వదలలేదు. ప్రతిభగల బాలుని చూచి పెద్దలు ఏమేమి కోరుదురో, ఆ కోరికల బరువు వాని భుజములపై ఎట్లు పడునో ఈ జీవితము తెలుపును.

కథలోనికి పోవుటకు ముందు ఆ ఆట పుట్టుకను కొంచెము తెలిసికొనవలెను. ఏలన, ఈ బాలుడు చేరిన విశ్వవిద్యాలయమునకును ఆ ఆటకును దగ్గరి చుట్టరికము గలదు. 1891 డిసెంబరులో మసాచుసెట్స్ రాష్ట్రమందలి స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణమున, వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో, జేమ్స్ నైస్మిత్ అను ఉపాధ్యాయుడు చలికాలమున ఆరుబయట ఆడలేని విద్యార్థుల కొఱకు ఒక కొత్త ఆటను కల్పించినాడు. పండ్లబుట్టలు రెంటిని వ్యాయామశాలలో పది అడుగుల ఎత్తున కట్టించి, పదమూడు నియమములు వ్రాసి గోడకు అంటించినాడు. ఆ వై.ఎం.సి.ఎ. వారి శాఖల ద్వారానే ఆట దేశదేశములకు ప్రాకినది. 1920లో హారీ క్రో బక్ మద్రాసున స్థాపించిన వ్యాయామ కళాశాల ఆ సంస్థదే.

నైస్మిత్ 1898లో కాన్సాస్ విశ్వవిద్యాలయమున చేరి, అచ్చట జట్టుకు మొదటి శిక్షకుడైనాడు. ఆయన శిష్యుడు ఫారెస్ట్ అలెన్. కంఠస్వరము ఓడల హారన్‌వలె మ్రోగుటచేత అందరును ఆయనను ఫాగ్ అలెన్ అని పిలిచెడివారు. గురువు ఆటను కల్పించగా, దానిని నేర్పు విద్యను శిష్యుడు వృద్ధిచేసినాడు. 1952లో ఆయన జట్టు జాతీయ విజేత అయినది. అయితే అదే విశ్వవిద్యాలయమున నైస్మిత్‌కు మరియొక శిష్యుడును ఉండినాడు. అతడు జాన్ మెక్లెండన్. వ్యాయామ విద్యలో 1936లో పట్టము పొందినను, నల్లజాతివాడగుటచేత విశ్వవిద్యాలయపు జట్టులో అతనికి చోటు దొరకలేదు. తరువాత అతడు పేరుపొందిన శిక్షకుడైనాడు. మెక్లెండన్ పట్టము పుచ్చుకొన్న ఆ 1936వ సంవత్సరముననే, ఆగస్టు 21వ తేదీన, ఫిలడెల్ఫియాలో విల్ట్ చాంబర్లేన్ జన్మించినాడు.

తండ్రి విలియం కాయకష్టముతో బ్రతుకువాడు. తల్లి ఒలీవియా ఇతరుల ఇండ్లలో పనిచేసెడిది. ఇంటినిండ పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు కలిసి తొమ్మిదిమంది. బాల్యమున విల్ట్‌కు న్యుమోనియా వచ్చి ప్రాణము మీదికి తెచ్చినది. ఒక ఏడాది చదువు పోయినది. అట్టి పిల్లవాడు కోలుకొని, పదియేండ్లకే ఆరడుగుల ఎత్తు పెరిగినాడు. మొదట అతనికి బాస్కెట్‌బాల్ అనిన చులకనగా ఉండెడిది. అది సుకుమారుల ఆట యనియు, పరుగుపందెములు, ఎత్తు దూకుటలే అసలైన క్రీడలనియు అతని నమ్మకము. యౌవనారంభమున ఆరున్నర అడుగుల ఎత్తు దూకినాడు. 440 గజముల దూరమును 49 సెకండ్లలో పరుగెత్తినాడు. కాని ఫిలడెల్ఫియా వీథులలో పిల్లలందరును ఆడునది బాస్కెట్‌బాల్. ఊరితోపాటు అతడును ఆ ఆటలోనికి దిగినాడు.

గుమ్మములు దాటునప్పుడు తల వంచవలసి వచ్చుటచేత స్నేహితులు అతనికి డిప్పర్ అని ముద్దుపేరు పెట్టినారు. వంగి దాటువాడని దాని భావము. అది క్రమముగా బిగ్ డిప్పర్ అయినది. మనము సప్తర్షి మండలమని పిలుచు నక్షత్రముల గుంపునకు అమెరికనులు పెట్టుకొన్న పేరును అదియే. ఈ పేరు అతనికి ఇష్టము. పత్రికల వారు ప్రాసకొఱకు పెట్టిన మరియొక పేరు, కొయ్యకాళ్లవాడను అర్థము గలది, అతనికి ఎన్నడును నచ్చలేదు. మొదటిది స్నేహితులు పిలిచిన పేరు. రెండవది చూడవచ్చినవారు పెట్టిన పేరు. ఈ భేదమును అతడు చిన్ననాడే గ్రహించినాడు.

ఓవర్‌బ్రూక్ ఉన్నత పాఠశాలలో చేరునాటికి అతని ఎత్తు 6 అడుగుల 11 అంగుళములు. పూర్తిగా ఎదిగినపుడు అది 7 అడుగుల 1 అంగుళము. అతడు ఆడిన మూడేండ్లలో పాఠశాల జట్టు 56 ఆటలు గెలిచి మూడింట మాత్రమే ఓడినది. ఆ మూడింటిలో ఒకటి 1953 నాటి నగర విజేతను నిర్ణయించు ఆట. ఎదిరి జట్టైన వెస్ట్ కాథలిక్ పాఠశాలవారు తక్కిన ఆటగాండ్రను ఇంచుమించు వదలివేసి, ముగ్గురు నలుగురు కలిసి విల్ట్‌ను చుట్టుముట్టినారు. ఆ ఉపాయము ఫలించినది. ఒక్కనిపై ఆధారపడిన జట్టును ఓడించుటకు ఆ ఒక్కనిని బంధించిన చాలునని లోకమునకు తెలిసినది. ఈ పాఠము అతని వెంట జీవితాంతము నడచినది.

తరువాతి రెండేండ్లు, 1954లోను 1955లోను, సెసిల్ మోసెన్సన్ అను యువ శిక్షకుని క్రింద ఓవర్‌బ్రూక్ జట్టు నగర విజేత అయినది. 1955లో రాక్స్‌బరో పాఠశాలపై ఆడిన ఒక ఆటలో విల్ట్ ఒక్కడే 90 పాయింట్లు సంపాదించినాడు. పాఠశాల ఆట నడచునది 32 నిమిషములే. ఆ సంఖ్య పత్రికలలో పడగానే దేశమంతయు అతని పేరు ప్రాకినది. ఆనాడు ఎదుట నిలిచిన రాక్స్‌బరో పిల్లలును అతని ఈడువారే. వారికి అది ఆటగా తోచియుండునా యని ఒక్క క్షణము ఆలోచించుట ఉపాధ్యాయులకు ధర్మము. ప్రతిభ గలవానిని సరియైన పోటీలో నిలుపుట ఎంత అవసరమో, పోటీ లేనిచోట నిలుపుట అంత నిష్ప్రయోజనము.

సెలవులలో అతడు న్యూయార్కు రాష్ట్రమందలి క్యాట్‌స్కిల్ కొండలలో కట్షర్ వారి విహారగృహమున పనికి కుదిరెడివాడు. పగలు అతిథుల పెట్టెలు మోయుట, సాయంకాలము వారి యెదుట బాస్కెట్‌బాల్ ఆడుట అచ్చటి ఏర్పాటు. బోస్టన్ సెల్టిక్స్ అను వృత్తి జట్టు శిక్షకుడు రెడ్ ఆవర్‌బాక్ వేసవిలో అచ్చట కుర్రవాండ్రకు ఆట నేర్పెడివాడు. ఆయన ఒకనాడు విల్ట్‌ను బి. హెచ్. బోర్న్ అను ఆటగానితో ఒంటరిపోటీకి నిలిపినాడు. బోర్న్ సామాన్యుడు కాడు. 1953 జాతీయ పోటీలో కాన్సాస్ పక్షమున ఆడి, ఉత్తమ ఆటగాడని బహుమానము పొందినవాడు. పాఠశాల బాలుడు అతనిని 25-10 తేడాతో ఓడించినాడు. ఇట్టి పిల్లలు వచ్చుచుండగా వృత్తి ఆటలో తనకు చోటుండదని తలచి బోర్న్ ఆ దారి విడిచి, ట్రాక్టర్లు తయారుచేయు ఇంజనీరుగా స్థిరపడినాడు.

విల్ట్ ఆటను చూచిన పెద్దలందరును తలా ఒక లెక్క వేసికొన్నారు. ఆనాటి వృత్తి సంఘములో ప్రాంతీయ హక్కు అను ఒక నియమము ఉండెడిది. జట్టు తన నగర పరిసరములందలి కళాశాలలో ఆడినవానిని ఇతరులకు ముందుగ తీసికొనవచ్చును. అందుచేత బోస్టన్ సమీపమున ఏదేని కళాశాలలో చేరుమని ఆవర్‌బాక్ బాలునికి నచ్చచెప్పజూచినాడు. ఫిలడెల్ఫియా వారియర్స్ జట్టు యజమాని ఎడ్డీ గాట్లీబ్ అంతకంటె ముందుచూపు గలవాడు. బాలుడు తమ నగరపు పాఠశాలలో ఆడినాడు గనుక హక్కు తమదేనని వాదించి, 1955లోనే సంఘముచేత ఒప్పించుకొన్నాడు. ఇట్లు కళాశాల గుమ్మము తొక్కకముందే అతని తరువాతి జీవితము కాగితములపై ఒకరి పేర వ్రాయబడినది.

ఇక కళాశాలల వారు ఇంటికి వచ్చుట మొదలుపెట్టినారు. ఉత్తరములు, ఫోను పిలుపులు, విమానపు టిక్కెట్లు. రెండు వందలకు పైబడిన ఆ సంస్థలలో విల్ట్ ఏది ఎంచుకొనునో యని పత్రికలు ఊహలు వ్రాసెడివి. వానిలో కొన్నింటికి సమీపమునగల దక్షిణ రాష్ట్రములలో నల్లజాతి విద్యార్థికి తెల్లవారి తరగతిలో ప్రవేశమే లేదు. పాఠశాలలలో జాతిభేదము రాజ్యాంగ విరుద్ధమని అమెరికా అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది 1954 మే 17న. ఆ వ్యాజ్యము పేరు మోసిన టొపీకా పట్టణము కాన్సాస్ రాష్ట్రమునకు ముఖ్యపట్టణము. విశ్వవిద్యాలయమున్న లారెన్స్ పట్టణము దానికి చేరువలోనే ఉన్నది.

అరువది తొమ్మిదేండ్ల ఫాగ్ అలెన్ స్వయముగా ఫిలడెల్ఫియాకు పోయినాడు. బాలునితో కంటె తల్లితోనే ఆయన ఎక్కువగా మాటలాడినాడని చెప్పుదురు. ఆటను గూర్చి గాక, చదువును గూర్చియు, పిల్లవాని క్షేమమును గూర్చియు మాటలాడి ఆమెను మెప్పించినాడట. నల్లజాతికి చెందిన ప్రముఖులచేతను మాట సాయము చేయించినాడు. ఆటను పుట్టించినవాని శిష్యుని వద్ద ఆట నేర్చుకొనవచ్చునను ఆశతో విల్ట్ కాన్సాస్‌ను ఎంచుకొన్నాడు.

ఆ ఆశ నెరవేరలేదు. ఆనాటి నియమము ప్రకారము మొదటి సంవత్సరపు విద్యార్థి ముఖ్య జట్టులో ఆడరాదు. డెబ్బదియేండ్లు నిండినవారు ఉద్యోగమున ఉండరాదను నియమము చేత అలెన్ 1956లో విరమించవలసి వచ్చినది. ఎవరికొఱకై విల్ట్ అంత దూరము వచ్చినాడో, ఆ గురువు క్రింద అతడు ఒక్క పోటీయైనను ఆడలేదు. శిక్షణభారము డిక్ హార్ప్‌పై పడినది.

అంతకంటె ముందే మరియొక పాఠము ఎదురైనది. కాన్సాస్‌కు వచ్చిన కొత్తలో ఒక భోజనశాలవారు అతనిని నలుగురితోపాటు కూర్చుండనీయక వంటగదిలో తినుమన్నారు. రెండు వందల కళాశాలలు వరించిన బాలునికి ఒక పళ్లెము అన్నము బల్లమీద పెట్టుటకు ఒక దుకాణదారు ఒప్పుకొనలేదు. వెంటనే వెనుకకు మరలిపోవలెనని అతనికి తోచినది. అయినను నిలిచినాడు. తరువాత లారెన్స్ పరిసరములలోని భోజనశాలలకు ఒక్కొక్కదానికి పోయి, వడ్డించువరకు కదలక కూర్చుండెడివాడనని అతడే చెప్పియున్నాడు. ఊరంతయు ఎరిగిన ఆటగానిని వెళ్లగొట్టుటకు ఎవరికిని ధైర్యము చాలలేదు. అతని కొఱకు తెరచిన తలుపులు మెల్లగ ఇతరులకును తెరచుకొన్నవి. జట్టుకు తెచ్చిన విజయముల కంటె ఇది చిన్న సేవ కాదు.

1955 నవంబరులో మొదటి సంవత్సరపు విద్యార్థుల జట్టు ముఖ్య జట్టుతో తలపడినది. అదివరకెన్నడును గెలువని చిన్నవారు ఆనాడు 81-71 తేడాతో గెలిచినారు. విల్ట్ ఒక్కడే 42 పాయింట్లు చేసినాడు. 1956 డిసెంబరు 3న ముఖ్య జట్టులో మొదటిసారి ఆడి, నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయముపై 52 పాయింట్లు సంపాదించినాడు. ఇతడున్నంతకాలము కాన్సాస్‌కు ఓటమి లేదని జనులు అనుకొన్నారు. అట్టి మాట వినుటకు తీయగానే ఉండును. కాని అది ఒక యువకుని మెడకు కట్టిన బండరాయి. గెలిచినచో అది అతని ఎత్తు గొప్పదనము. ఓడినచో అది అతని లోపము.

1957 మార్చి 23న కాన్సాస్ సిటీలో జాతీయ విజేతను నిర్ణయించు ఆట జరిగినది. ఎదుట నిలిచినది ఆ సంవత్సరము ఒక్క ఓటమియు ఎరుగని నార్త్ కరోలినా జట్టు. దాని శిక్షకుడు ఫ్రాంక్ మెక్‌గ్వైర్ ఆట ఆరంభమున బంతికొఱకు విల్ట్‌తో ఎగురుటకు తన జట్టులో పొట్టివాడైన టామీ కెర్న్స్‌ను పంపినాడు. ఎగిరి గెలుచుట ఎట్లును అసాధ్యమని ఆయనకు తెలియును; చూచువారి నవ్వుతో కాన్సాస్ వారి మనస్సు చెదరిన చాలునని ఆయన ఎత్తుగడ. ఆట సాగినంతసేపు కరోలినావారు విల్ట్‌ను చుట్టుముట్టి, బంతిని తమచేత నిలుపుకొని, నిదానముగా ఆడినారు. నాలుగేండ్ల క్రిందటి వెస్ట్ కాథలిక్ ఉపాయము మరల ప్రత్యక్షమైనది. కాలము ముగియునప్పటికి ఇరుపక్షములును సమానము. అదనపు కాలము ఒకటి, రెండు, మూడు మారులు పొడిగింపబడినది. చివరి క్షణములలో కరోలినా ఆటగాడు జో క్విగ్ రెండు ఫ్రీ త్రోలను బుట్టలో వేసినాడు. కాన్సాస్ వారు బంతిని విల్ట్‌కు అందింపబోగా క్విగ్ చేయే దానిని అడ్డుకొన్నది. కాన్సాస్ 53; కరోలినా 54.

ఓడినను ఆ పోటీలో ఉత్తమ ఆటగాడని విల్ట్‌నే ఎన్నుకొన్నారు. ఆ గౌరవము అతనిని ఓదార్చలేదు. తన జీవితమున అన్నింటికంటె బాధించిన ఓటమి అదియేనని అతడు తరువాత అనేక పర్యాయములు తెలిపినాడు. ఆ ఋతువులో అంతకు మించి ఎవరును ఆడలేదు. అయినను, అంతటి ఎత్తుగలవాడు ఉండియు జట్టు ఓడినదను మాట ఆనాడే పుట్టి, ఓటమి కలిగినప్పుడెల్ల అతని వెంట నడచినది.

మరుసటి ఏడు ఎదిరి జట్లు బంతిని కదలింపక కాలము గడుపుట, ముగ్గురేసి చుట్టుకొనుట మరింత హెచ్చినది. ఆటలో ఆనందము తగ్గినది. 1958లో, చదువు ఇంకను ఒక సంవత్సరము మిగిలియుండగనే, అతడు కాన్సాస్‌ను విడిచినాడు. ఆ నిర్ణయమునకు కారణములు తెలుపుచు వ్రాసిన వ్యాసమునకు లుక్ పత్రిక పదివేల డాలర్లు ఇచ్చినది. తోటి విద్యార్థుల చదువు ముగియువరకు వృత్తి సంఘమున ఆడరాదను నియమముండుటచేత, ఒక సంవత్సరము హార్లెం గ్లోబ్‌ట్రాటర్స్ అను వినోద జట్టుతో దేశములు తిరిగినాడు. 1959లో ఆ జట్టు సోవియట్ దేశమునకును పోయినది. నవ్వుచు ఆడిన ఆ రోజులు తనకు హాయిని గూర్చినవని అతడు చెప్పెడివాడు. ఇక్కడ కాన్సాస్‌లో మాత్రము మరియొక చిక్కు. అతనికి కారు సమకూర్చుటలో నియమోల్లంఘనము జరిగినదని కళాశాలల క్రీడాసంఘము 1960లో ఆ విశ్వవిద్యాలయమును దండించినది. బాలుని వెంటబడి పిలుచుకొని వచ్చినవారు పెద్దలు. మచ్చలో పాలు పంచుకొన్నవాడు అతడు.

వృత్తి ఆటలో అతడు సాధించిన వానిని సంగ్రహముగా చెప్పుకొందము. 1959లో వారియర్స్ జట్టున చేరి, మొదటి ఋతువుననే ఉత్తమ నూతన ఆటగాడు, అత్యుత్తమ ఆటగాడు అను రెండు బహుమానములను పొందినాడు. 1962 మార్చి 2న పెన్సిల్వేనియాలోని హెర్షీ పట్టణమున న్యూయార్కు జట్టుపై నూరు పాయింట్లు చేసినాడు. చూచినవారు 4,124 మంది మాత్రమే. దానిని చిత్రీకరించినవారు లేరు. ఆ ఋతువున ఆటకు సగటున 50.4 పాయింట్లు అతనివి. 1967లో ఫిలడెల్ఫియా, 1972లో లాస్ ఏంజిలిస్ జట్లు అతని బలముతో విజేతలైనవి. పాయింట్లే గాని తోటివారికి బంతి అందింపడను అపవాదు వచ్చినపుడు, 1967-68 ఋతువున బంతి అందించుటలోను సంఘమున ప్రథముడైనాడు. ఆడిన 1,045 లీగు ఆటలలో ఒక్కదానియందైనను తప్పిదములు మితిమీరి బయటికి పోవలసిన స్థితి తెచ్చుకొనలేదు. అంతటి బలవంతునికి అది గొప్ప నిగ్రహము. అయినను బిల్ రస్సెల్ నాయకత్వము వహించిన బోస్టన్ జట్టు అతని జట్లను పెక్కుమారులు ఓడించినది. ప్రతి ఓటమికిని 1957 నాటి మాటే మరల వినిపించినది. 1973లో ఆట విరమించినాడు. 1979లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో నైస్మిత్ పేర నెలకొన్న గౌరవమందిరమున అతని పేరు చేర్చినారు.

ఇన్ని జరిగినను కాన్సాస్‌కు మరలిపోవుటకు అతనికి మనసొప్పలేదు. ఆహ్వానములు వచ్చినవి, సంవత్సరములు గడచినవి. తాను ఓడించివచ్చిన ఊరు తనను క్షమింపలేదని అతని అనుమానము. తుదకు 1998 జనవరి 17న, అరువది ఒకటవ యేట, అలెన్ పేరుగల ఆ క్రీడాశాలలో అడుగుపెట్టినాడు. అతడు ధరించిన 13వ అంకెను శాశ్వతముగా గౌరవించు సభ అది. విద్యార్థి దశ నాటి పాత కోటు తొడుగుకొని వచ్చినాడు. నిండిన సభ లేచి నిలిచి చాలసేపు కరతాళధ్వనులు చేసినది. ఆ ఓటమితో విశ్వవిద్యాలయమునకు తలవంపులు తెచ్చితినను భావము ఇన్నేండ్లు తనను వేధించినదని, నేటితో అది తీరినదని గద్గదస్వరముతో తెలిపినాడు. ఆ సభలో కూర్చుండిన పిల్లలలో అనేకులు 1957 నాటికి పుట్టనైన పుట్టలేదు. వారికి అతడు బాకీపడినవాడు కాడు, తమవాడు.

మరుసటి సంవత్సరము, 1999 అక్టోబరు 12న, లాస్ ఏంజిలిస్‌లో అరువది మూడేండ్ల వయస్సున గుండె ఆగి అతడు మరణించినాడు. 2014లో అమెరికా తపాలా శాఖ అతని పేర రెండు బిళ్లలు వెలువరించినది. అతని ఎత్తునకు తగినట్లు అవియును మామూలు బిళ్లల కంటె పొడుగుగానే ఉన్నవి.

మన పాఠశాలలలోను పాడగలవాడు, పరుగెత్తగలవాడు, లెక్కలు ఇట్టే విప్పగలవాడు అప్పుడప్పుడు పుట్టుచుందురు. వాని చుట్టును మనము గుమిగూడుదుము. బహుమతులు, ర్యాంకులు, పాఠశాల పరువు అన్నియు వాని చేతిలో పెట్టుదుము. ఫిలడెల్ఫియా బాలునికి రెండు వందల పిలుపులు వచ్చినవి. ఓడినను నీవు మావాడవే యను మాట అతని చెవిని పడుటకు మాత్రము నలువది యేండ్లు పట్టినది. ఆ మాటను మొదటి దినముననే చెప్పుటకు ఖర్చేమియు లేదు.